మోచేతులు ఆనించి చుట్టిన జుట్టు

మధ్యాహ్నం పూట ఢిల్లీ ద్వారకాలో మా బాల్కనీలో కూర్చుంటే, చలికాలపు ఎండ మెడ మీద పడగానే నాకు కళ్ళు మూతలు పడతాయి. ఆ సగం నిద్రలో కూడా నా చేతులు ఊరుకోవు. ఒళ్ళో ఉన్న శాలువా కుచ్చుల్ని పాయలు పాయలుగా విడదీసి వేలికి చుడుతూ ఉంటాయి. "దుకాణం మూసేశామని నీ వేళ్ళకి ఎవరూ చెప్పలేదా గ్రేసీ?" అని మా ఆయన వేళాకోళం చేస్తారు. నిజమే, చెప్పలేదు. చెప్పినా వినే రకం కావు.

ధౌలా కువాన్ దగ్గర, కంటోన్మెంటు గోడ వెంబడి వెళ్ళే సందులో నాకు చిన్న పార్లర్ ఉండేది. మా నాన్నగారు ఫౌజులో ఉండేవారు. నరసాపురం నుంచి ఆయన ట్రంకుపెట్టెతో పాటు నేనూ చిన్నప్పుడే ఢిల్లీ వచ్చిపడ్డాను. పార్లర్ పెట్టుకోకముందు సెంట్రల్ ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో పని నేర్చుకున్నాను. మొత్తం మీద నా బతుకంతా ఇతరుల తలల మీదే గడిచింది, దాని గురించి నాకు చింత లేదు.

ఈ మధ్య మా చర్చిలో ఒక అమ్మాయి బ్యూటీషియన్ కోర్సులో చేరి, "ఆంటీ, ఈ లైన్లో అసలు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. చర్చి మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. నేను ఏ కోర్సులు చేశాను, ఏ సర్టిఫికెట్లు తగిలించాను అన్నవి రాయను. అవి గోడకే అందం. ఒక్క సంగతి మాత్రం రాస్తాను. అది ఎవరి జుట్టు వాళ్ళే ముడుచుకునేలా నేర్పడం. మా వృత్తిలో దీన్ని కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారు. నేను ఆ కొమ్మ మీదే కూర్చుని హాయిగా కాలక్షేపం చేశాను.

ఏమిటీ పాతకాలపు చుట్లు

ఇప్పటి పిల్లలు దీన్ని పినప్ లుక్ అంటున్నారు. వాళ్ళ అమ్మమ్మల కాలంలో తెల్లదొరసానులు వేసుకున్న తీరు. నుదుటి పైన పాపిడికి రెండు పక్కలా జుట్టు బోలుగా, పెద్ద గొట్టాల్లా చుట్టుకుని ఉంటుంది. వెనక జుట్టు మెత్తని అలలుగా భుజాల మీద వాలుతుంది, లేకపోతే వల లాంటి జాలీలో ఒదిగి కూర్చుంటుంది. ఎర్ర లిప్‌స్టిక్ పెట్టుకుంటారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. గురుగ్రామ్ ఆఫీసుల్లో రెట్రో పార్టీలు మొదలయ్యాక మళ్ళీ దీనికి కాలం వచ్చింది.

చెయ్యడం చూస్తే సులువే అనిపిస్తుంది. ముందు జుట్టును చెవి దాకా వేరు చేసి, కుదుళ్ళ దగ్గర దువ్వెనను తల వైపుకి తోస్తూ గుబురు చెయ్యాలి. పైపైన నునుపుగా దువ్వాలి. చివర నుంచి మొదలుపెట్టి రెండు వేళ్ళ చుట్టూ తల దాకా చుట్టుకుంటూ రావాలి. వేళ్ళు మెల్లగా లాగేస్తే లోపల ఖాళీ గొట్టం మిగులుతుంది. పిన్ను ఆ గొట్టం లోపలి అంచుకి పెట్టాలి, పైకి కనిపించకూడదు. జుట్టు పలచనైతే లోపల సవరం ముక్క పెట్టుకోవచ్చు. మన అమ్మలు కొప్పులో దాచిన సవరమే, ఇక్కడ నుదుటి పైకి వస్తుంది.

జుట్టున్న అమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గాని, ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలంటే తెలుస్తుంది. ఇంకొకరి తల మీద చుట్టడం వేరు, నీ తల మీద నువ్వు చుట్టుకోవడం వేరు. అద్దంలో కుడి ఎడమవుతుంది. చెయ్యి ఒకవైపు పోతుంటే కన్ను ఇంకోవైపు లాగుతుంది. అందుకే నేను మొదటి పాఠంలో కళ్ళు మూసుకోమంటాను. మన ఆడవాళ్ళు చిన్నప్పటి నుంచీ వీపు వెనక్కి చేతులు పెట్టి జడ వేసుకున్నవాళ్ళు. ఆ చేతులకి అద్దం ఎప్పుడూ చుట్టమే గాని సొంత మనిషి కాదు. కళ్ళు మూసుకున్న ఆడమనిషి ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో, ఆ కాసేపూ ఆమె ఎక్కడెక్కడికి వెళ్ళొస్తుందో అనుకుంటూ చూసేదాన్ని. మధ్యాహ్నాలు పార్లర్లో వినపడేవి రెండే. దువ్వెన చప్పుడు, బయట ఫౌజీ ట్రక్కు వెళ్ళిన చప్పుడు, అంతే.

మిస్ డోరతీ కుర్చీ

నాకు ఈ చుట్లు నేర్పింది హోటల్ పార్లర్లో మా పెద్దావిడ మిస్ డోరతీ. కలకత్తా నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్. లోకమంతా స్టెప్ కటింగులు చేయించుకుంటున్నా, ఆవిడ రోజూ పొద్దున్నే పార్లర్ తలుపులు తీయకముందు తన జుట్టు తనే చుట్టుకునేది. నేను వెనక నిలబడి పిన్నులు అందించేదాన్ని. కిటికీ పరదాలు ఇంకా వేసే ఉండేవి. ఆ మసక వెలుతురులో ఆవిడ వేళ్ళు చూస్తూ ఉంటే నాకు ఎక్కడ ఉన్నానో మరిచిపోయినట్టు ఉండేది. ఆవిడ చెయ్యి బంగారం, అందులో సందేహం లేదు.

అయితే కస్టమరు కూర్చున్నాక ఆవిడ ఒక పని చేసేది. పిన్నులు పెట్టే సమయానికి కుర్చీని అద్దానికి వీపు వచ్చేలా తిప్పేసేది. అంతా అయ్యాక ఒక్కసారిగా అద్దం వైపు తిప్పి చూపించేది. వాళ్ళు "హాయ్ రామ్!" అని మురిసిపోయేవాళ్ళు. ఎలా అయిందో మాత్రం వాళ్ళకి తెలిసేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఎందుకు తిప్పుతారని.

"సీఖో, లేకిన్ సిఖావో మత్," అంది. నేర్చుకో గాని నేర్పకు అని. "వాళ్ళకి వచ్చేస్తే మళ్ళీ మన దగ్గరికి ఎందుకొస్తారు?"

ఆవిడ నాకు అన్నం పెట్టిన మనిషి. అయినా చెప్తున్నాను, ఆ మాట తప్పు. కుర్చీ తిప్పే మనిషి భయంతో పని చేస్తున్నట్టు లెక్క. నా పార్లర్లో నేను కుర్చీ తిప్పలేదు. చుట్టడం నేర్చుకున్నవాళ్ళు రాకుండా పోతారా? పోలేదు. కటింగ్‌కి వచ్చారు, రంగుకి వచ్చారు, ఏమీ లేనప్పుడు కూడా ఎండలో కూర్చుని టీ తాగడానికి వచ్చారు. వచ్చేటప్పుడు ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చారు. చేతకానివాళ్ళు మన దగ్గరికి అవసరం కొద్దీ వస్తారు, చేతనైనవాళ్ళు ఇష్టం కొద్దీ వస్తారు. ఈ రెండో రకంతోనే పార్లర్ కళకళలాడుతుంది.

కొబ్బరినూనె కథ

కొత్తవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ చుట్లకి ఆ రోజే తలంటుకున్న జుట్టు పనికిరాదు, మరీ జారుతుంది. ముందురోజు తలంటుకున్న జుట్టు బావుంటుంది. అవిసె గింజలు ఉడికించి గుడ్డలో వడకట్టిన జిగురు రాస్తే చెప్పినట్టు వింటుంది. ఇక నూనె రాసిన జుట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, కాని మన తెలుగువాళ్ళకి చెప్పాలి.

అనకాపల్లి వైపు అమ్మాయి ఒకామె, ఒక కెప్టెన్ భార్య, కంటోన్మెంటులో కొత్తగా దిగింది. ఆఫీసర్ల మెస్‌లో పాతకాలపు వేషాలతో డ్యాన్స్ పార్టీ. ఆ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటే నేనే చుట్టాను. ఆ రోజు నా వేళ్ళు ఎందుకో జారుతూనే ఉన్నాయి. చుట్టు నిలబడినట్టే నిలబడి నిట్టూర్చినట్టు వాలిపోతోంది. పిన్నులు ఎక్కువ పెట్టి పంపించాను. మర్నాడు పొద్దున్నే నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో వచ్చింది.

"ఆంటీ, మొదటి డ్యాన్సుకే రెండు చుట్లూ జారి చెవుల మీదికొచ్చేశాయండీ! రెండు పక్కలా జిలేబీలు పెట్టుకున్నట్టు!"

"నూనె రాశావా?"

"ముందురోజు మా అమ్మ ఫోన్ చేసి, ఫంక్షన్ కదే, రాత్రి బాగా నూనె పట్టించుకుని పడుకో, నిగనిగలాడుతుందని చెప్పిందండీ. పొద్దున కడుక్కున్నాను గాని..."

"మరి అక్కడ ఎవరేమన్నారు?"

"కర్నల్ గారి మేడమ్ వచ్చి, ఇది మీ సౌత్ ఇండియన్ స్టైలా అని అడిగారండీ. అవునన్నాను. చాలా మెచ్చుకున్నారు."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ తరవాత ఆ అమ్మాయి నా దగ్గర కూర్చుని తన చేత్తో తనే నేర్చుకుంది. పోస్టింగ్ మీద ఈశాన్యం వెళ్ళిపోయి, అక్కడ కొండల ముందు నిలబడి చుట్లతో దిగిన ఫోటో పంపింది. ఒక పక్క చుట్టు ఎత్తు, ఇంకో పక్క పల్లం. రెండు పక్కలా సరిసమానంగా రావాలని ఏడ్చే అమ్మాయిలు ఎంతమందో. దేవుడు రెండు కనుబొమ్మలే ఒక్కలా చెయ్యలేదు, మీ చుట్లు ఒక్కలా ఎందుకుండాలి? సొంత చేత్తో వేసుకున్నదని చెప్పే గుర్తు అది, ఉండనివ్వండి.

రత్నకుమారి సిస్టర్

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మనిషి దగ్గరికి వస్తాను. నేను పార్లర్ మూసేయడానికి ముందటి చలికాలం సంగతి.

రత్నకుమారి గారిది పాలకొల్లు. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు సిస్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా చర్చే. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు శ్వేత గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుంది, తల్లీకూతుళ్ళు పాలంలో ఉంటారు. దసరా వెళ్ళాక ఒకరోజు ఇద్దరూ పార్లర్‌కి వచ్చారు. సిస్టర్ గారు కుర్చీలో కూర్చుని జడ ముందుకి వేసుకుని, "తీసెయ్యండి గ్రేస్ గారూ. బాయ్‌కట్ చేసెయ్యండి," అన్నారు.

నడుము దిగే జడ. నెరిసింది గాని పట్టుకుంటే ఇంకా బరువుంది. నాకు కత్తెర తియ్యబుద్ధి కాలేదు. ఎందుకని అడిగితే శ్వేత చెప్పింది, "ఆంటీ, మమ్మీ కా షోల్డర్ జామ్ హో గయా." కుడి భుజం పట్టేసిందట. చెయ్యి వీపు వెనక్కి పోదు, తల వెనక్కి అసలే పోదు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తున్నారు గాని, వదలడానికి ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చన్నారట. అప్పటిదాకా జడ శ్వేతే వేస్తోంది.

"రోజ్ సుబహ్ నహీ హో పాతా ఆంటీ," అంది శ్వేత, నేల చూపులు చూస్తూ. రోజూ పొద్దున్నే తన వల్ల కావడం లేదని. ఆ పిల్లని నేను తప్పు పట్టను. చీకటితో లేచి క్యాబ్ పట్టుకునే పిల్ల. నిజం చెప్పింది.

ఈ రోజు కత్తెరకి పదును లేదని అబద్ధం చెప్పి పంపేశాను. సోమవారం ఒక్కరే రమ్మన్నాను.

సోమవారం వచ్చారు. బయట ఎండలో కుర్చీలు వేసుకున్నాం. సిస్టర్ గారు శాలువా దగ్గరికి లాక్కున్నారు. తరవాత మెల్లగా అన్నారు.

"అమ్మాయి మంచిదేనండీ. కాని తెల్లారి దువ్వెన పట్టుకుని దాని గది ముందు కూర్చుంటాను. అది లేచాక ఓ లాగు లాగి ముడేసి పరిగెడుతుంది. సాయంత్రం దాకా ఆ ముడితోనే ఉంటాను. ఊడితే ఊడినట్టే. ఎంతమంది రోగులకి తల దువ్వి జడలేశానో. ఇప్పుడు నా తల నా చేతికే అందడం లేదండీ." కుడి భుజం నొక్కుకుంటూ, "చిన్నప్పుడు మా అమ్మ చెప్పినట్టు దువ్వుకున్నాను. నర్సింగ్‌లో టోపీకి సరిపడేట్టు దువ్వుకున్నాను. పెళ్ళయ్యాక ఆయనకి నచ్చినట్టు. రిటైరయ్యాక నాకు నచ్చినట్టు ఏదో చేసుకుందామనుకున్నాను. చెయ్యే లేవట్లేదు."

ఏడవలేదు. ఏడ్చినా బావుండేది.

"ముందుకి లేస్తుందా చెయ్యి?" అడిగాను.

ముందుకి లేపి చూపించారు. నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది, నొప్పికి పెదవి కొరుక్కున్నారు. లోపలి నుంచి బల్ల తెచ్చి వేసి, రెండు మోచేతులూ దాని మీద ఆనించమన్నాను. "ఇప్పుడు చేతులు ఎత్తకండి. తలే దించండి."

తల దించారు. వేళ్ళు పాపిడి మీదికి వచ్చేశాయి. ఆవిడ అలాగే ఉండిపోయారు, తన జుట్టు తను తాకి ఎన్నాళ్ళయిందో.

నాకు అప్పుడు వెలిగింది. జడకీ కొప్పుకీ చేతులు వెనక్కి పోవాలి. ఈ పాతకాలపు చుట్లన్నీ ముందే, నుదుటి పైనే. పార్టీల కోసం నేర్పుతున్నాననుకున్న ఈ తీరు భుజం పట్టేసిన మనిషికి సరిగ్గా సరిపోతుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. చెప్పగానే ఆవిడ మొదట పగలబడి నవ్వారు. "ఈ వయసులో సినిమా వేషమా!" అన్నారు. తరవాత నవ్వు ఆపి ఒప్పందం చేసుకున్నారు.

"క్రిస్మస్‌కి నా తల నేను దువ్వుకుని చర్చికి రాగలిగితే సరే. రాలేకపోతే మర్నాడు మీ కత్తెరకి అడ్డు చెప్పను. మీరూ పదును లేదని చెప్పకూడదు."

పిన్నులు, పట్టీలు

మా పనివాళ్ళందరం పిన్నులు పళ్ళతో పట్టుకుంటాం, పళ్ళతోనే విప్పుతాం. నేను నోట్లో పిన్ను పెట్టుకోగానే సిస్టర్ గారు నా చేతి మీద ఒక్కటి వేశారు. "ఛీ, తీయండి! ఎవరెవరి తలలో దూరొచ్చిందో అది!" మర్నాడు ఇంటి నుంచి స్టీలు ట్రే తెచ్చారు, ఆసుపత్రిలో సూదులు పెట్టుకునే లాంటిది. పిన్నులు సబ్బునీళ్ళతో కడిగి అందులో వరసగా పేర్చారు. నా పార్లర్లో ఆ పద్ధతి ఆవిడ పెట్టిందే, చివరిదాకా సాగింది.

చుట్టడం మాత్రం ఎంతకీ రాలేదు. జుట్టు పొడవు ఎక్కువ కావడంతో మధ్యలో వదులైపోయేది. గట్టిగా చుడితే బిళ్ళలా అణిగిపోయేది. నవంబరు సగం దాకా అలాగే పోయింది. నేను వెనక నుంచి చెయ్యి పట్టి చూపించబోతే కోప్పడేవారు. ఒకరోజు విసుగొచ్చి దువ్వెన బల్ల మీద పడేసి, రెండు చేతులూ చూసుకుంటూ కూర్చున్నారు. అలా చూస్తూ చూస్తూ, "ఏవండీ, ఇది పట్టీ చుట్టడమే కదండీ," అన్నారు.

ఆవిడ పనిలో చేరిన కొత్తల్లో వార్డుల్లో గాయాలకి గుడ్డ పట్టీలే వాడేవారట. ఉతికి ఆరబెట్టాక, మధ్యాహ్నం డ్యూటీలో నర్సులందరూ కిటికీ దగ్గర కూర్చుని వాటిని చుట్టేవాళ్ళట. బొటనవేళ్ళతో తోస్తూ, చూపుడువేళ్ళతో వెనక్కి లాగుతూ. రోగులు నిద్రపోతుంటే వీళ్ళు గుసగుసగా కబుర్లాడుకుంటూ ఒళ్ళో గుట్టలు పోసేవాళ్ళట. చెప్తూ చెప్తూనే ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మోచేతులు బల్ల మీద ఆనించి తల దించారు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. కళ్ళు తెరిచేసరికి ఎడమ పక్క ఒక చుట్టు, నిండుగా, బోలుగా, నిలబడి ఉంది.

నేను గబగబా పిన్ను పెట్టబోయాను. "ఆఁ ఆఁ, నాదండీ," అని ట్రేలోంచి తనే తీసుకున్నారు.

వెనక జుట్టుకి కూడా దారి దొరికింది. భుజం మీంచి ముందుకి తెచ్చుకుని, మెలితిప్పి, నర్సులు కొప్పుకి వాడే నల్ల జాలీలో వేసి, చెవి వెనక రెండు పిన్నులు. దీనికీ చెయ్యి వెనక్కి పోనక్కర్లేదు. మా అమ్మల కాలం కొప్పు దొరసాని తీరులో కలిసిపోయినట్టు ఉండేది. ఎండలో ఆవిడ తల చూస్తే నాకు ఏదో పాత ఫోటో ప్రాణం పోసుకుని ఎదురుగా కూర్చున్నట్టుండేది.

డిసెంబరు మొదట్లో ఒకరోజు అలాగే ఇంటికి వెళ్ళారు. శ్వేత తలుపు తీసి, "మమ్మీ! ఫ్యాన్సీ డ్రెస్ హై క్యా?" అని, వేషాల పోటీకా అన్నట్టు నవ్విందట. పిల్లలు నవ్వుతారు, అందులో విషం ఏమీ ఉండదు. కాని ఆవిడకి తగలరాని చోట తగిలింది. ఆ మర్నాటి నుంచి రావడం మానేశారు. పొగమంచు దిగింది, చలి ముదిరింది. ఫోన్ చేశాను.

"రానండీ. చలికి భుజం కొయ్యబారిపోయింది. ఒక పక్క వస్తే ఇంకో పక్క రావట్లేదు. మీరు కత్తెర పదును పెట్టుకోండి."

"క్రిస్మస్ ఇంకా రాలేదు కదండీ," అన్నాను.

"ఆయ్, చూద్దాం," అని పెట్టేశారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. ఇలాంటప్పుడు పరిగెత్తుకుని వాళ్ళింటికి వెళ్ళి, "రండి, నేను వేసి పెడతాను" అనాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పేశాను. నేను వేస్తే అది శ్వేత వేసినట్టే అవుతుంది, కాస్త అందంగా ఉంటుంది, అంతే. నేర్పేవాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన పని చేతులు కట్టుకు కూర్చోవడం.

క్రిస్మస్ ఉదయం

ఆ రోజు పొగమంచు చర్చి గుమ్మం దాకా వచ్చేసింది. ఆవరణలో కట్టిన కాగితపు నక్షత్రాలు లైట్లతో సహా మంచులో తేలుతున్నట్టున్నాయి. మనుషులు మంచులోంచి ఒక్కొక్కరే పుట్టుకొస్తున్నట్టు వస్తున్నారు. నేను నడవ పక్కన కూర్చుని గుమ్మం వైపే చూస్తున్నాను. మొదటి కీర్తన అయిపోయింది. వాళ్ళు రాలేదు. నాకు ఆశ పూర్తిగా పోయింది.

రెండో కీర్తన మధ్యలో వచ్చారు. ముందు శ్వేత, వెనక సిస్టర్ గారు. నీలం పట్టుచీర. మా ఆనవాయితీ ప్రకారం కొంగు తల మీద కప్పుకున్నారు. ఆ కొంగు అంచు కింద, నుదుటి పైన రెండు చుట్లు. ఒకటి ఎత్తు, ఒకటి కాస్త పల్లం. మామూలుగా కొంగు జారిపోతూ ఉంటుంది, అందరం లాక్కుంటూ ఉంటాం. ఆవిడది చుట్ల మీద ఆని కదలకుండా నిలబడింది. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. పాస్టరమ్మ గారు కళ్ళజోడు సరిచేసుకుని మరీ చూశారు. సిస్టర్ గారు ఎవరినీ చూడకుండా వచ్చి, నాకు నడవ అవతలి బెంచీలో కూర్చున్నారు.

ప్రసంగం సగంలో ఉండగా కుడి పక్క చుట్టు కదిలింది. భుజం పట్టేసిన పక్క. మెల్లగా, నిద్రలో తల వాలినట్టు, ముందుకి వాలింది. ఒక పాయ జారి చెంప మీద పడింది. నా వేళ్ళు ఒళ్ళో బిగుసుకున్నాయి. శ్వేత చూసింది. తల్లి వైపు వంగి, "లావో మమ్మీ, మై కర్ దూఁ," అంటూ చెయ్యి చాచింది. ఇలా తే, నేను చేస్తాను అని.

సిస్టర్ గారు ఆ చేతిని పట్టుకుని, కిందికి దించి, కూతురి ఒళ్ళో పెట్టేశారు. "ఉండమ్మా," అన్నారు.

శ్వేత ముఖం ఎర్రబడింది. అందరూ చూస్తున్నారు. చెంప మీద ఆ పాయ అలాగే వేలాడుతోంది. ఆవిడ చేతులు మాత్రం లేవట్లేదు, ఆనించుకోవడానికి అక్కడ బల్ల లేదు. ఇక అయిపోయింది, కొంగు ముందుకి లాక్కుని కప్పేసుకుంటారు, రేపు పార్లర్‌కి వస్తారు అనుకున్నాను.

"తలలు వంచి ప్రార్థించుకుందాం," అన్నారు పాస్టరుగారు.

చర్చి మొత్తం తలలు వంచింది. సిస్టర్ గారు కూడా. ముందు బెంచీ వీపు మీద రెండు మోచేతులూ ఆనించి, తల దించుకున్నారు. చాలామంది అలాగే చేస్తారు, అందులో వింతేమీ లేదు. కొంగు చేతుల మీదుగా గుడారంలా పడింది. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే సండే స్కూల్లో తిన్న మొట్టికాయలు నాకు ఇంకా గుర్తే. అయినా ఒక కన్ను తెరిచాను. ఆ కొంగు కింద సన్నగా కదలిక. బొటనవేళ్ళు తోస్తున్నాయి, చూపుడువేళ్ళు లాగుతున్నాయి. మధ్యలో ఒకసారి ఆగిపోయాయి. నొప్పి అని తెలిసింది, భుజం వణికింది. శ్వేత కూడా కళ్ళు తెరిచే ఉంది. ఆ పిల్ల చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది, సాయానికి లేపలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పాస్టరుగారి ప్రార్థన ఎప్పుడూ పొడుగే, ప్రతి ఆదివారం విసుక్కుంటాను. ఆ రోజు ఇంకా పొడిగించమని వేడుకున్నాను.

ఆమెన్ అన్నారు. అందరూ తలలెత్తారు. సిస్టర్ గారు అందరికన్నా ఆఖరున ఎత్తారు. కుడి పక్క చుట్టు తన చోట తను ఉంది, ముందుకన్నా ఇంకాస్త వంకరగా.

ఆరాధన అయ్యాక బయట మంచులో అందరూ టీ తాగుతూ నిలబడ్డారు. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. జుట్టు గురించి ఒక్క మాట కూడా అనకూడదని ఒట్టు పెట్టుకుని, వేరే ఏదో అడగాలని అడిగాను.

"పండగ పూట ఏం ప్రార్థన చేశారు సిస్టర్ గారూ?"

ఆవిడ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, పొగ వైపు చూస్తూ నవ్వారు.

"అడగడానికేముందండీ. నేనే వేసుకున్నాను, చూడు ప్రభువా, అన్నాను."